ఆదివారం చల్లారే బట్టీ

ఫిబ్రవరి 3

పిచ్చుకమ్మా,

నీకూ, నీ కాలేజీ ప్రయోగశాలలోని గాజు బుడ్లకూ సమాధానం కలుగుగాక!

నీ ఉత్తరం చదివాను. ఈ నెల పిల్లలకి వాటంతట అవే జరిగే మార్పుల పాఠం చెబుతున్నావట. పుస్తకంలో దాని పేరు అయత్నకృత చర్య అట. ఆ మాట దగ్గర నా కళ్ళజోడు జారి ముక్కు మీద ఆగింది. యత్నం లేకుండా జరగడమా? ఎవరి యత్నం లేకుండా? పిచ్చుక నేల రాలినా పైవాడికి తెలియకుండా రాలదని లేఖనం గొంతు చించుకుంటోందే! నీకా పేరు పెట్టింది నేనే, ఆ వాక్యం చదివే పెట్టాను. రెక్కలొచ్చాక నువ్వు ఆ వాక్యానికే ఎసరు పెడుతున్నావు. చెల్లివి కాబట్టి ఉత్తరం రాస్తున్నాను, వేరేవాళ్ళయితే ప్రసంగం చేసేవాణ్ణి.

నేను చదువుకున్నది లేదు. పగలు త్రాసులు బాగుచేస్తాను, ఆదివారం ప్రార్థన మందిరంలో వాక్యం చెబుతాను. రెండు పనుల్లోనూ తెలిసింది ఒక్కటే, ఊరికే ఏదీ కదలదు. కదిలిందంటే ఎవరో ఏదో వేశారన్నమాట. దీనికి జవాబు చెప్పు.

నా తమ్ముడు, మన చిన్నవాడి సంగతి అడిగావు. ఆ ప్రసంగం తర్వాత మందిరం గడప తొక్కలేదు. విశ్రాంతి దినాన కూడా సున్నపు బట్టీ మండిస్తుంటే చూస్తూ ఊరుకోమంటావా? ఆదివారం పొగ వదిలే గొట్టం నరకానికి పొగగొట్టం అన్నాను. వాడి పేరెత్తలేదు. ఊళ్ళో ఉన్నది ఒక్క బట్టీయే అయితే అది నా తప్పా?

ఇప్పుడు చూడు. వాడి సున్నం చెడిపోతోంది. పైకి తెల్లగా, పగలగొడితే లోపల రాయి. కొన్నవాళ్ళు బళ్ళు బళ్ళుగా వెనక్కి తోలుతున్నారు. ఇది తీర్పు కాకపోతే మరేమిటో నీ పుస్తకంలో ఉంటే వెతికి రాయి.

నీ పెద్దన్న


ఫిబ్రవరి 9

పెద్దన్నయ్యా,

చిన్నప్పుడు చిన్నన్నయ్య నీకు ఉరుము అని ఊరికే పేరు పెట్టలేదు. నీ ఉత్తరం విప్పగానే కిటికీ వంక చూశాను, వాన వస్తుందేమోనని.

నీ దేవుణ్ణి నా పాఠం ఇంట్లోంచి వెళ్ళగొట్టడం లేదు. ఒక మార్పు ఏ వైపు వాలి ఉందో ముందే చెప్పగలమా అన్నదే అందులో ఉన్న ప్రశ్న. నీ భాషలోనే చెబుతాను, విను.

ఒక త్రాసు ఉందనుకో. ఒక పళ్ళెంలో వేడి లెక్క. మార్పు జరిగేటప్పుడు వేడిని బయటికి వదులుతుందా, లోపలికి తాగుతుందా అని. రెండో పళ్ళెంలో చెదరడం లెక్క. దీన్ని ఎంట్రోపీ అంటారు. ముద్దగా ఉన్నది పొడి అవుతుందా, రాయిలో ఇరుక్కున్నది గాలిలో కలుస్తుందా అని. ఈ రెండో పళ్ళేనికి ఒక వింత గుణం ఉంది. చుట్టూ వేడి పెరిగేకొద్దీ అందులో సరుకు బరువెక్కుతుంది. గిబ్స్ అనే పెద్దమనిషి ఈ రెండిటినీ కలిపి ఒకే అంకె చేశాడు. వేడి లెక్కలోంచి, ఉష్ణోగ్రతతో హెచ్చవేసిన చెదురు లెక్కను తీసేస్తే మిగిలేది. అది మైనస్ అయితే మార్పు తనంతట తాను జరిగే వైపు వాలి ఉంది. ప్లస్ అయితే లేదు. సున్నా అయితే ముల్లు మధ్యలో ఉన్నట్టు.

నమ్మకం కుదరకపోతే, అతుకులు వేసేటప్పుడు వాడతావే నవాసాగరం, అది గుప్పెడు గ్లాసు నీళ్ళలో వేసి కలుపు. గ్లాసు చేతిలో చల్లబడిపోతుంది. వేడిని తాగుతూ కూడా కరుగుతుంది, ఎవరూ మంట పెట్టక్కర్లేదు. ఎందుకంటే రెండో పళ్ళెం గెలిచింది.

ఇక నరకానికి పొగగొట్టం గురించి. పేరెత్తకుండా తిట్టడం నీకే చెల్లింది. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు నీ కోపం ఎప్పుడూ దగ్గరివాళ్ళ మీదే పడుతుంది. చెడిన సున్నం ముక్క ఒకటి పంపమని చిన్నన్నయ్యకి రాశాను. తీర్పో కాదో పగలగొట్టి చూస్తే సరి.

వదినకు నా నమస్కారం. ఆవిడ మోకాలు ఎలా ఉంది?

పిచ్చుక


ఫిబ్రవరి 17

పిచ్చుకమ్మా,

ఆహా! నా చెల్లెలు ఎక్కడో కాలేజీలో కూర్చుని నాకు ప్రసంగం అందించింది!

నిన్న మందిరంలో బల్ల మీద గ్లాసు పెట్టాను. నీళ్ళు పోశాను. నవాసాగరం వేశాను. "మంట లేదు, మంత్రం లేదు, చూడండి!" అని కలిపి ముందు వరసకి ఇచ్చాను. గ్లాసు చేతులు మారుతుంటే ఒక్కొక్కరూ ఉలిక్కిపడటం! కుట్టుపని చేసే ముసలావిడ దాన్ని బుగ్గకి ఆనించుకుని వదల్లేదు. "బాబూ, కూర్చున్నప్పటినుంచీ నీ ప్రసంగాలకి ఒళ్ళు కాలుతోంది, ఇది ముందే తేకూడదూ" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాననుకో.

తర్వాత త్రాసు సంగతి చెప్పాను. మనిషి మనసుకీ రెండు పళ్ళేలున్నాయన్నాను. లేఖనంలో తప్పిపోయిన కొడుకు పందుల పొట్టు దగ్గర కూర్చుని ఇల్లు తలుచుకున్నప్పుడు వాడి లెక్క మైనస్‌లోకి వచ్చిందన్నాను. ఆమెన్‌లతో పైకప్పు లేచిపోయింది.

ఇంటికొచ్చి కూర్చుని చిన్నవాడి లెక్క వేశాను. వాడికి నేనంటే ప్రాణం. చిన్నప్పుడు నా చొక్కా పట్టుకుని తిరిగినవాడు. ఇప్పుడు సరుకు వెనక్కొస్తోంది, ముఖాన నవ్వు లేదు, ఒంటరిగా ఉన్నాడు. ఎటు చూసినా మైనస్సే! ముల్లు నా గుమ్మం వైపే వాలి ఉంది. నీ గిబ్స్ చెప్పాక ఇక నాకు దిగులెందుకు? వాడంతట వాడే వస్తాడు. నేను వెళ్ళను. వెళితే వాడి పశ్చాత్తాపం నేను దొంగిలించినట్టు అవుతుంది.

ముందు బెంచీ చివర వాడి చోటు ఖాళీగా ఉంచుతున్నాను. ఎవరైనా కూర్చుంటే లేపేస్తున్నాను.

వదిన మోకాలు అలాగే ఉంది. లేచేటప్పుడు నా పేరు పెట్టి మూలుగుతోంది.

నీ పెద్దన్న


ఫిబ్రవరి 24

పెద్దన్నయ్యా,

అయ్యో, నేను చెప్పిందేమిటి, నువ్వు అందుకున్నదేమిటి!

ఆ అంకె ఏ వైపో చెబుతుంది. ఎప్పుడో చెప్పదు. ఇది నా క్లాసులో పిల్లలు కూడా చేసే తప్పే, కానీ వాళ్ళు దాని మీద బెంచీలు ఖాళీ చేయించరు. నీ చేతిలో లేఖనం ఉంది కదా. కాగితం. దాని చుట్టూ గాలి. ఆ రెంటి లెక్క వేస్తే పెద్ద మైనస్ వస్తుంది, అవి బూడిదా పొగా అయిపోయే వైపే వాలి ఉన్నాయి. అయినా నీ చంకలో ఇన్నేళ్ళుగా చెక్కుచెదరకుండా ఉంది. ఎందుకు? మధ్యలో ఒక మెట్ట ఉంది. దాన్ని ఎక్కించడానికి ఒక నిప్పురవ్వ కావాలి. అది రాకపోతే మైనస్ ఎంతైనా నీ మనవళ్ళ కాలానికీ కాగితం కాగితమే. "వాడంతట వాడే వస్తాడు" అని నువ్వు నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంటే నీ బెంచీ గతీ అంతే.

చిన్నన్నయ్య పంపిన ముక్క వచ్చింది. పగలగొట్టాను. పైన తెల్లగా, మెత్తగా కాలింది. నడిమధ్యన బూడిదరంగు గుండు. దాని మీద ఆమ్లం చుక్క వేస్తే బుసబుస పొంగింది. అంటే పచ్చి సున్నపురాయి, కాలనేలేదు.

లెక్క చెబుతాను. సున్నపురాయి సున్నంగా మారేటప్పుడు బోలెడు వేడి తాగుతుంది, కాబట్టి మొదటి పళ్ళెం అడ్డం పడుతుంది. కానీ దాంట్లోంచి గాలి విడిపోతుంది, అది చెదరడం, కాబట్టి రెండో పళ్ళెం సాయపడుతుంది. మామూలు వేడిలో మొదటిదే గెలుస్తుంది. సుమారు ఎనిమిది వందల నలభై డిగ్రీలు దాటితేనే రెండోది బరువెక్కి అంకె మైనస్‌లోకి దిగుతుంది. మంట అంతకన్నా కిందికి పడిందా, మళ్ళీ ప్లస్. విడిపోయిన గాలి బయటికి పోకుండా బట్టీలో చిక్కుకుంటే కాలిన సున్నం దాన్ని మళ్ళీ పీల్చుకుంటుంది. చల్లని చోట రాయి రాయిగానే ఉంటుంది, ఎంత సేపు ఉంచినా, ఎంత తిట్టినా.

అంటే వాడి బట్టీలో మంట ఎప్పుడో పడిపోతోంది. రోజూ కాదు, రోజూ అయితే పైపొర కూడా కాలేది కాదు. ఎప్పుడో ఒకప్పుడు. ఎప్పుడని అడుగుతూ వాడికి రాశాను.

ఇది తీర్పు కాదు, పెద్దన్నయ్యా. ఉష్ణోగ్రత.

పిచ్చుక


మార్చి 3

చెల్లెలికి,

నీ ఉత్తరం సగంలోనే మడిచేశాను.

"చల్లని చోట రాయి రాయిగానే ఉంటుంది, ఎంత సేపు ఉంచినా, ఎంత తిట్టినా." ఎవరి గురించి రాశావో నాకు అర్థం కాదనుకున్నావా? నేను చల్లనివాణ్ణా? నేను రాయినా? అరిచి అరిచి గొంతు పుండైనవాణ్ణి పట్టుకుని చల్లని చోటు అంటావా? ఈ మాట నీది కాదు. చిన్నవాడు ముక్కతో పాటు మాటలు కూడా కట్టి పంపి ఉంటాడు.

నన్ను నిప్పురవ్వ కమ్మంటావు. అన్నయ్య కాళ్ళు అరిగేలా తమ్ముడి దగ్గరికి నడవాలా? మాట వినిపించుకోకుండా ఇంటిముఖం చూడనివాడు వాడు. తప్పిపోయిన కొడుకు కథలో తండ్రి ఏం చేశాడు? ఎదురుచూశాడు! నేనూ అదే చేస్తున్నాను. లేఖనం నా వైపు ఉంది. నీ అంకె ఎవరి వైపు ఉంటే నాకేం?

ఇక నాకు నిద్ర పట్టడం లేదని వదిన రాయమంటే రాస్తున్నాను. దానికి కారణం దోమలు.

అన్నయ్య


మార్చి 10

పెద్దన్నయ్యా,

రాయి అంటే రాయే. సున్నపురాయి. నువ్వు కాదు. ఉత్తరం మిగతా సగం చదివి ఉంటే తెలిసేది. ఇదైనా చివరిదాకా చదువు, బతిమాలుతున్నాను.

చిన్నన్నయ్య జవాబు వచ్చింది. మంట పడిపోయేది ఆదివారమట.

నువ్వు ఆ పొగగొట్టం ప్రసంగం చేశాక బట్టీలో పనిచేసేవాళ్ళు ఆదివారం రావడం మానేశారు. అందరూ నీ మందిరం వాళ్ళే కదా. మంట చూసేవాడూ, రాయి ఎత్తేవాళ్ళూ ఒక్కరు కూడా రావడం లేదట. "నరకానికి మేం బాకీ పడలేం సామీ" అని మొహమాటంగా చెప్పారట. చిన్నన్నయ్య ఒక్కడే బొగ్గు తోసుకుంటూ, గాలి తలుపు చూసుకుంటూ, పై నుంచి రాయి జార్చుకుంటూ, ఒక్క మనిషి ఎన్ని చేస్తాడు? సాయంత్రానికల్లా ఎర్రని మంట మబ్బుపట్టినట్టు అవుతుంది. అంకె ప్లస్‌లోకి పోతుంది. సోమవారం మనుషులొచ్చి ఎంత మండించినా మధ్యలో ఉన్న గుండు గుండుగానే బయటికొస్తోంది. బట్టీ అంటే పొయ్యి కాదు అన్నయ్యా, ఒక పూట ఆర్పి మర్నాడు వెలిగించుకోవడానికి.

తీర్పు, తీర్పు అన్నావు. ఆ తీర్పు పై నుంచి రాలేదు. నీ నోట్లోంచి వచ్చింది.

ఇవి వాడు నీకు చెప్పమన్న మాటలు కావు. నీ మీద ఒక్క నిందా రాయలేదు. "పెద్దన్నయ్య గొంతు అలాంటిది, తనేం చేస్తాడు" అని మాత్రం రాశాడు. ఇంకొకటి కూడా రాశాడు. ఎక్కడో ఇటుకల ఫ్యాక్టరీలో మంట చూసే ఉద్యోగం ఇస్తామన్నారట. ఇప్పుడు బట్టీలో ఉన్న రాయే ఆఖరిదట. ఇదీ గుండుతోనే వస్తే మంట ఆర్పేసి, ఇంటికి తాళం వేసి, పిల్లల్ని తీసుకుని వెళ్ళిపోతాడు. ఈ రాయికి ఇంక మిగిలింది ఒక్క ఆదివారం. రాబోయేదే.

తండ్రి ఎదురుచూశాడన్నావు. నేను మందిరానికి రాకపోయినా చిన్నప్పుడు నీ పక్కన కూర్చునే ఆ కథ విన్నాను. కొడుకు ఇంకా దూరంగా ఉండగానే తండ్రి లేచి పరుగెత్తాడు. అక్కడ నువ్వు చెయ్యి ఊపుతూ పరుగెత్తి చూపించేవాడివి. బెంచీ ఖాళీ పెట్టి కూర్చుని చూపించినట్టు నాకు గుర్తు లేదు.

పిచ్చుక


మార్చి 17

పిచ్చుకమ్మా,

చేతివేళ్ళు బొబ్బలెక్కాయి. అక్షరాలు వంకర పోతే సర్దుకుని చదువుకో.

నీ ఉత్తరం శుక్రవారం వచ్చింది. చివరిదాకా చదివాను. నీ మీద కోపం వచ్చింది, చిన్నవాడి మీద వచ్చింది, ఆ పనివాళ్ళ మీద వచ్చింది. నా మీద మాత్రం రావడానికి ఒప్పుకోలేదు. శనివారం పనికి పోయాను.

కిరాణా కొట్టాయన త్రాసు. పాతది, పైన కాడ ఉండే రకం. ఆయన ఒక పళ్ళెంలో రాయి పెట్టాడు, రెండోది ఖాళీ. కాడ కదల్లేదు. "ఇదేంటండీ, మీ ప్రసంగం విన్న సంఘంలాగా బిగుసుకుపోయింది!" అన్నాడు. చూస్తే కాడ తిరిగే ఆనిక దగ్గర తుప్పు. ఇది నాకు రోజూ చూసే రోగమే. బరువు ఎటుందో స్పష్టంగా ఉంది, అయినా వాలదు. ఇలాంటప్పుడు నేను ఇంకో రాయి వెయ్యను, త్రాసుని తిట్టను, అదే వాలుతుందని కూర్చోను. కాడ మీద వేలితో ఒక్క తట్టు తడతాను. తట్టాను. దబ్బున వాలింది.

నా వేలు అలాగే గాల్లో ఉండిపోయింది. ఆయన "ఏమైందండీ, కరెంటు కొట్టిందా" అన్నాడు. కొట్టిందనే చెప్పాను.

అయినా వెళ్ళలేదు చూడు! నా ఒంట్లో తుప్పు అంతుంది. ఆదివారం మామూలుగానే మందిరానికి పోయాను. కానుకల పళ్ళెం తిరిగొచ్చింది, బల్ల మీద పెట్టాను, లేఖనం తెరిచాను. ఏ పేజీ తెరుచుకుందో తెలుసా? నేనేం వెతకలేదు, నీ గిబ్స్ మీద ఒట్టు. బలిపీఠం దగ్గర కానుక తెచ్చినవాడికి, నీ సోదరుడికి నీ మీద ఏదైనా ఉందని గుర్తొస్తే కానుక అక్కడే వదిలి ముందు వాడి దగ్గరికి పో, తర్వాత రా అని చెప్పే చోటు. ఆ మాట మీద నేను ఎన్ని ప్రసంగాలు చేశానో! అన్నీ ఎదుటివాళ్ళకి.

నోరు తెరిచాను. మాట రాలేదు. సంఘమంతా నా గొంతు పోయిందనుకున్నారు. కుట్టుపని ముసలావిడ "నవాసాగరం తెమ్మంటావా బాబూ" అంది. నేను పళ్ళెం అక్కడే వదిలి, కోటు విప్పి, ఖాళీ బెంచీ మీద పడేసి, బయటికి నడిచాను. నడక కాదులే. నీకు చెబితే ఎగతాళి చేస్తావు. పరుగెత్తాను.

చిన్నవాడు బట్టీ నోటి దగ్గర ఉన్నాడు. ముఖమంతా మసి, కళ్ళు మాత్రం తెల్లగా. నన్ను చూసి పార ఆపలేదు.

"ఉరుమన్నయ్యా, ప్రసంగం అయిపోయిందా?"

"మధ్యలో వదిలేసి వచ్చాను."

"మరి జనం?"

"ఉన్నారు. నీకెందుకురా జనం, నీ మంట చూసుకో."

"చూసుకుంటూనే ఉన్నాను. నువ్వు అడ్డం నిలబడ్డావు."

జరిగాను. వాడు రెండు పారలు వేశాడు. తర్వాత తల తిప్పకుండా, "ఆ మూల ఇంకో పార ఉంది" అన్నాడు. అంతే, పిచ్చుకా. అన్నదమ్ముల మధ్య జరిగిన సంభాషణ అంతే. నేను క్షమాపణ అని నోటికి తెచ్చుకున్న మాటలన్నీ బొగ్గుతో పాటు లోపలికి పోయాయి.

కాసేపటికి గేటు దగ్గర అలికిడి. చూస్తే సంఘం! ఇస్త్రీ బట్టల్లో, చేతుల్లో పాటల పుస్తకాలతో, లోపలికి రావాలా వద్దా అని గుంపుగా నిలబడ్డారు. మంట చూసేవాడు అందరి వెనకా దాక్కున్నాడు. నాకు ఒళ్ళు మండింది. "ఏం చూస్తారు? ఆదివారం గోతిలో ఎద్దు పడితే సోమవారం తీద్దామని కూర్చుంటారా? లేఖనం ఆ పేజీ నేను మీకు చదవలేదా? చదవకపోతే అది నా తప్పు, రండి!" అని అరిచాను. చిన్నవాడు "అదిగో, గొంతు తిరిగొచ్చింది" అన్నాడు. ముందు మంట చూసేవాడు చొక్కా చేతులు మడిచాడు. తర్వాత మిగతావాళ్ళు. ముసలావిడ గేటు దగ్గర కూర్చుని పాట ఎత్తుకుంది, శ్రుతి తప్పి. రోజంతా మంట ఎర్రగానే ఉంది. మబ్బుపట్టలేదు.

కానీ చిన్నవాడు ఉంటానని అనలేదు. అడిగితే, "సున్నం చెప్పాలి" అన్నాడు. ఒక్క రోజు పారతో అన్నీ సర్దుకుంటాయా, రాయికి మాటలు చెబితే వింటుందా అన్నాడు. నిజమే.

సోమవారం, అంటే ఇవాళ, ముక్క బయటికి తీశారు. నడిమధ్య పొరలోది. ఇక్కడ పగలగొట్టనివ్వలేదు వాడు. "మనం చూస్తే మనకి కావలసిందే కనిపిస్తుంది, పిచ్చుకకి పంపు" అన్నాడు. తడి తగలకుండా డబ్బాలో పెట్టి, మూత చుట్టూ మైనం పూసి, మీ వైపు వచ్చే లారీ డ్రైవరు చేతికిస్తున్నాను. ఉత్తరం కూడా అతని చేతికే. చిన్నవాడి ప్రయాణం మూటలు వాడి గుమ్మంలోనే ఉన్నాయి. విప్పలేదు, కట్టలేదు.

తొందరగా చూడమ్మా. ఎదురుచూడటం నాకు చేతకాదని ఈ వారమే తెలిసింది.

నీ పెద్దన్న


మార్చి 19

అన్నయ్యలిద్దరికీ,

మీ ఇద్దరికీ ఒకే ఉత్తరం రాసి ఎన్నాళ్ళయిందో. పైన ఈ మాట రాసి కాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను. ఒకరు పైకి చదవండి, ఇంకొకరు వినండి. పెద్దన్నయ్య చదివితే మెల్లిగా చదవమను చిన్నన్నయ్యా, పక్కింటివాళ్ళుంటారు.

డబ్బా పొద్దున్నే వచ్చింది. క్లాసుకి వెళ్ళాల్సి ఉంది, వెళ్ళలేదు. పిల్లల్నే ప్రయోగశాలకి రమ్మన్నాను. ముక్కని ఇనుప గిన్నెలో పెట్టి నీళ్ళు పోశాను. సున్నమూ నీళ్ళూ కలిసే ఈ చర్యకి అంకె పెద్ద మైనస్ అని వాళ్ళకి నిన్ననే చెప్పాను, బోర్డు మీద లెక్క ఇంకా ఉంది.

ఏమీ జరగలేదు.

ఒక పిల్ల "మేడమ్, మైనస్ అన్నారు కదా" అంది. "ఎప్పుడో చెప్పదని కూడా అన్నాను" అన్నాను. పైకి ధీమాగానే అన్నాను కానీ గిన్నె మీదికి వంగి చూస్తూనే ఉన్నాను. మధ్యలో గుండు ఉంటే అది నీళ్ళకి లొంగదు, అలాగే నల్లమొహం పెట్టుకుని అడుగున కూర్చుంటుంది. చిన్నన్నయ్య గుమ్మంలో మూటలు కళ్ళ ముందు కనిపించాయి. ఇంకో చుక్క పోద్దామా, కదుపుదామా అనిపించింది.

అప్పుడు చిన్న చప్పుడు. పెంకు చిట్లినట్టు. ముక్క మీద ఒక గీత పడింది, ఆ గీతలోంచి ఆవిరి వచ్చింది. తర్వాత ఆగలేదు. బుస కొట్టింది, ఉబ్బింది, విచ్చుకుంది, గిన్నె ముట్టుకోలేనంత వేడెక్కింది. పిల్లలు ఒక్క అడుగు వెనక్కి వేశారు. చివరికి తెల్లని మెత్తని పిండి కుప్పగా కూలింది.

చల్లారాక పొడుగాటి చెంచా తీసుకుని అడుగుదాకా దించి తిప్పాను. ఒకసారి అంచుల వెంట, ఒకసారి మధ్యలో.

చెంచాకి రాయి తగల్లేదు.

చిన్నన్నయ్యా, మూటలు విప్పు. పెద్దన్నయ్యా, వచ్చే ఆదివారం వాక్యం త్వరగా ముగించి, చేతులకి గుడ్డ చుట్టుకుని వెళ్ళు. కిందటిసారి చుట్టుకోలేదని నీ అక్షరాలే చెబుతున్నాయి.

మీ పిచ్చుక